మెడ చూసే కెమెరా

కెమెరా ఎక్కడ బిగించాలో చూపించింది నేనే.

"అక్కడొద్దండి," అంది కెమెరా బిగించడానికొచ్చిన నూకరత్నం నిచ్చెన మీద నుంచి. "పొద్దుటి ఎండ తిన్నగా దీని కంట్లో కొట్టేస్తదండి. ఈ దూలం కిందయితే గేటూ, రాశీ, ఒలుపు చేసే చోటూ మూడూ వస్తాయి. జల్లు కూడా తగలదు."

"పక్క కొట్టు గుమ్మం కూడా కనపడుతుందా?"

"కనపడుద్దండి. దాన్ని మూసేస్తాను. వాళ్ళ గుమ్మం మనం చూడకూడదు కదండీ."

"ఊరికే కనపడేదాన్ని మూసుకోవడం ఎందుకమ్మా?"

"మీరు వర్తకులండీ బాబూ!" అని నవ్వి, ఫోన్‌లో ఆ గుమ్మం మీద వేలితో నల్లగడి గీసేసింది.

మాది అంబాజీపేటలో కొబ్బరి కొట్టు. రైతులు తెచ్చిన కాయ మా పెరట్లో రాశి పోస్తారు. లెక్క చూసి, ఒలిపించి, లారీకెక్కిస్తాం. ఆ వేసవికి మా వీధిలో నలభై కొట్లవాళ్ళూ 'కనుసన్న' అనే కొత్తరకం కెమెరాలు పెట్టించేశారు. నాకు దొంగల భయమేమీ లేదు. కానీ నలభై కొట్లకి కన్ను ఉండి నా ఒక్కడికీ లేకపోతే, జిల్లాలో ఉన్న దొంగలందరికీ నేనే అడ్రసు రాసిచ్చినట్టు. ఆ లెక్క నాకెవరూ నేర్పక్కర్లేదు.

"మామూలు కెమెరా చెయ్యి ఏం చేసిందో చూస్తదండి," అంది నూకరత్నం కిందికి దిగి, తీగ కొస పెట్టెలోకి దోపుతూ. "ఇది చెయ్యి కదలకముందు మెడ ఏం చేసిందో చూస్తది. తియ్యకూడనిది తీసేవాడు ముందు చుట్టూ చూస్తాడు కదండీ. ఊపిరి బిగబడతాడు. భుజాలు దగ్గరకొస్తాయి. అది పట్టుకుని మోగుతుంది."

"ఏదీ, చూద్దాం," అని పంచె ఎగ్గట్టాను. రాశి దగ్గరికి పిల్లిలా నడిచి, అటూ ఇటూ చూసి, ఒక కాయ తీసి చంకలో పెట్టుకున్నాను. కొబ్బరి ఆరబెడుతున్న ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఫోన్ ఉలకలేదు, పలకలేదు.

"ఇదేం పనిచేస్తుందమ్మా, నా మొహం!"

"మీరు దొంగతనం చెయ్యట్లేదండి, వేషం వేస్తున్నారు. వేషానికి మెడ వేరేగా తిరుగుద్ది. లోపల బెరుకుంటేనే ఇది మోగేది."

రాశి పక్కన గోనె మీద కూర్చున్న గవర్రాజు బావ పకపకా నవ్వాడు. "ఏరా పట్టాభీ, దొంగతనానికైనా చెయ్యి తిరగాలిరా. నీకు తిరిగిందల్లా తక్కెడే."

బిగింపు పని ఆఖరికొచ్చాక నూకరత్నం ఫోన్ నా చేతికిచ్చింది. పాస్‌వర్డ్ మార్చమంది, మార్చాను. మనవాళ్ళ ముఖాలు ఎక్కించమంది, ఎక్కించాను. అప్పుడడిగింది, కబురు ఎవరికి వెళ్ళాలని. నా ఒక్కడి ఫోన్‌కా, వీధి మొత్తం వలకా?

"తేడా ఏంటి?"

"మీ ఒక్కళ్ళకే అయితే మీ కబురు మీకే. వలలో కలిస్తే మీ కబురు నలభై మందికి, నలభై మంది కబుర్లూ మీకు. ఒక్కసారి మోగిన మనిషి మొహం అన్ని కెమెరాలూ గుర్తుపెట్టుకుంటాయి. మొదటి నెల మీ ఒక్కళ్ళకే ఉంచుకోండి సార్. కొత్తలో ఇది మన మనుషుల్ని నేర్చుకోవాలండి."

"ఒకటిచ్చి నలభై పట్టుకొచ్చే బేరాన్ని నెల వాయిదా వేసేవాణ్ణయితే ఈ వీధిలో నా బోర్డు ఉండేది కాదమ్మా," అని నేనే నొక్కాను. నా వేలితోనే.

గవర్రాజు బావ మా అక్క భర్త. నాన్న పోయాక కొట్టు నాకొస్తే, లెక్క బావకొచ్చింది. చేతికి రెండేసి కాయలు, విసురుకి నాలుగు. మా వైపు ఒకటి అని ఎవరూ మొదలుపెట్టరు. మొదటి విసురుకి 'లాభం' అంటారు. తరవాత రెండు, మూడు. ఇరవై అయిదు విసుర్లయితే వంద. మళ్ళీ 'లాభం'. ప్రతి వందకీ ఒక కాయ గుర్తుగా పక్కన పెట్టుకోవడం వీధిలో లెక్క చూసే ప్రతివాడూ చేసే పనే. బావ ఏనాడూ పెట్టలేదు. బళ్ళకి బళ్ళు దించినా వందలన్నీ తలలోనే. "కాయ పక్కన పెట్టేవాడికి కాయే గురువు, తల శిష్యుడు," అని మిగతావాళ్ళని ఆటపట్టించేవాడు. ఆయన నోట వచ్చిన అంకెని అమ్మేవాడూ కొనేవాడూ మళ్ళీ లెక్కపెట్టుకునేవారు కాదు. బోర్డు మీద పేరు నాది. రైతు బండి మా గేటులోకి తిరిగేది మాత్రం బావ గొంతు విని.

కెమెరా పెట్టిన రెండో వారం. వర్తక సంఘం గదిలో టీ తాగుతున్నాం. ఉన్నట్టుండి అందరి జేబులూ ఒకేసారి టింగుమన్నాయి. సంఘం పెద్ద తాతబ్బాయి ముందుగా ఫోన్ తీశాడు. చూసి, నా వైపు తిప్పాడు.

"ఇదేంటయ్యా పట్టాభీ, మీ బావగారే!"

పసుపుపచ్చ వలయంలో బావ ముఖం. మెడ పక్కకి తిరిగి ఉంది. ఆడవాళ్ళ వైపు చూశాడు, గేటు వైపు చూశాడు. భుజాలు ముడుచుకున్నాయి. చెయ్యి ఒక కాయని తీసి, తను కూర్చునే గోనె కిందికి తోసింది.

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. ధర పడిపోతున్న సరుకుని చేతిలో ఉంచుకోకూడదు. వర్తకంలో మొదటి పాఠం అది. ఆ నిమిషాన బావ నా చేతిలో ఉన్నాడు.

"బావైతే ఏంటండీ, దొంగ దొంగే," అన్నాను. "నా కొట్లో ఎవరికీ మినహాయింపు లేదు."

"అద్దీ! మనిషంటే అలా ఉండాలి," అన్నాడు తాతబ్బాయి. మరో ఇద్దరు తలలూపారు. ఒకాయన నా భుజం తట్టాడు. చేతిలో టీ అప్పటికే చల్లారింది. అయినా తాగాను. ఆ మెప్పు తియ్యగా ఉంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ తీపి మీదే నాకు ఎక్కువ సిగ్గు.

తాతబ్బాయి నాతోపాటే పెరట్లోకి వచ్చాడు. ఆయనకి అలాంటివి వదులుకోవడం చేతకాదు. "ఏం గవర్రాజుగారూ, కొసరు ఈమధ్య గట్టిగానే లాగుతున్నట్టున్నారు?"

బావ ఆయన్ని చూడలేదు. నన్ను చూశాడు. నేను ఫోన్ చూపించాను. నోటితో అడిగే మాట కూడా ఫోన్‌తోనే అడిగాను. బావ ఆ బొమ్మ వంక చూశాడు.

"అవును. తీశాను," అన్నాడు. "ఇంటికి పట్టుకెళదామని."

తువ్వాలు దులిపి, మడత పెట్టి భుజాన వేసుకుని గేటు దాటాడు. పక్క కొట్టు కెమెరా ఆయన మొహం గుర్తుపట్టింది. లోపల ఫోన్ టింగుమంది. తరవాత ఆ పక్క కొట్టు. ఆపైన ఎదుటి వరస. వీధి చివరి దాకా ఆ మోత ఆయన వెనకాలే నడుచుకుంటూ వెళ్ళింది.

తాతబ్బాయి వెళ్ళాక గోనె ఎత్తాను.

కాయలన్నీ అక్కడే ఉన్నాయి. ఆ పొద్దున బావ ఎన్ని వందలు పిలిచాడో అన్ని కాయలు, వరసగా, ముచ్చికలన్నీ ఒకే వైపుకి తిప్పి. దాచుకునేవాడు ముచ్చికలు సర్దడు. అవి దొంగసొత్తు కాదు, గుర్తుకాయలు.

కూర్చుని వెనకటి రోజుల బొమ్మలు చూశాను. ఆ పొద్దున మోగేదాకా కెమెరా మా మనుషుల్ని నేర్చుకుంటూ ఊరుకున్న రోజులవి. ప్రతి వంద దగ్గరా బావ గొంతు ఒక్క క్షణం ఆగేది. చుట్టూ చూసేవాడు. కాయని గోనె కిందికి తోసేవాడు. సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ కాయలన్నీ తిరిగి రాశిలోనే వేసేవాడు. వేసేటప్పుడు కూడా అదే మెడ, అదే చూపు. ఎత్తుకుపోయేవాడిలా చూసి, తెచ్చిపెడుతున్నాడు. తీసేవాడి బెరుకూ సిగ్గుపడేవాడి బెరుకూ ఆ కెమెరాకి ఒకటే. ఆ పొద్దున నాకూ ఒకటే అయ్యాయి.

భోజనాల వేళ అక్క ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టింది. ఏ వేళప్పుడు వెళ్ళినా ముందు మంచినీళ్ళ చెంబు వచ్చే ఇల్లది. రాలేదు.

"ఫోన్‌లో చూశావుటగా," అంది. "నాలుగు అడుగులేస్తే ఇల్లు. నన్నడగడానికి రాలేకపోయావు గానీ, నలభై మందితో కలిసి చూశావు."

"అక్కా, ఆ కాయలన్నీ గోనె కిందే ఉన్నాయి."

"నాకు తెలుసు. ఆ గోనె ఉతికి ఇచ్చేది నేనే." గొంతు తగ్గించింది. "ఉగాది దగ్గర్నుంచీ ఇంతేరా. స్నానం చేసొచ్చి మళ్ళీ తువ్వాలు అందుకుంటున్నారు. పక్కింటాయన పేరు గుర్తురాక, 'ఏవండోయ్' అని సరిపెట్టుకుంటున్నారు. ఆయన నవ్వుతారు, నేనూ నవ్వుతాను. వంటింట్లోకి వెళ్ళాక..."

"సీతాలూ, చాల్లే," అని లోపల్నుంచి బావ వచ్చాడు. మొహం మామూలుగానే ఉంది. నేను మొదలుపెట్టాను. అందరినీ పిలుస్తాననీ, గోనె ఎత్తి చూపిస్తాననీ, ఒక్క కాయ కూడా బయటికి పోలేదని నిరూపిస్తాననీ.

"చూపించు," అన్నాడు. "మరెందుకు దాచాడు అని తాతబ్బాయి అడుగుతాడు. ఏం చెప్తావు?"

నేను నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నాడు.

"దొంగ అంటే నాలుగు రోజులు నవ్వుకుంటారురా. బావమరిది కాయలే కదా అంటారు. లెక్క మర్చిపోతున్నాడంటే? నేనిన్నేళ్ళూ పిలిచిన అంకెలన్నీ తిరగేస్తారు. మా నాన్న కాయలు ఎన్ని మింగావని రైతు కొడుకు నీ కాలరు పట్టుకుంటాడు. నా నోటి మీద నిలబడ్డ కొట్టురా అది." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "లెక్క ఇంకా తప్పలేదు. కాయ పక్కనుంటే తప్పదు. కానీ నేను కాయ పక్కన పెట్టడం వీధి చూసిందా, అయిపోయిందే. గవర్రాజుకి ఏమైంది అంటారు. అందుకే, దొంగ అనే ఉండనీ. అదే చవక."

నేను ఆయన్ని పొద్దున ఒక్క నిమిషంలో చేతిలోంచి వదిలేశాను. అదే పొద్దున, అంతే వ్యవధిలో, ఆయన నా కొట్టు లెక్క కూడా వేసి, తన పేరు ఇచ్చి దాన్ని కొని నా చేతిలో పెట్టాడు. వర్తకుణ్ణి నేనని వీధంతా అనుకుంటోంది.

అక్క అప్పుడు మంచినీళ్ళిచ్చింది. తాగలేకపోయాను.

మర్నాడు నూకరత్నానికి ఫోన్ చేశాను.

"'పొరపాటు' అని ఉంటుంది, నొక్కండి. కారణం రాయమంటుంది. అది అందరికీ వెళ్తుందండి."

"కారణం లేకుండా తీసెయ్యలేమా?"

"కబురు అందరికీ పంపారు కదండీ. కారణం నాలుగు గోడల మధ్య ఎలా సరిపోద్ది సార్?" అంది. ఆ పిల్ల గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే కొంత తేలికగా ఉండేది.

'నా అనుమతితోనే తీశారు' అని రాశాను. పసుపు వలయం పోయింది. ఫోన్లు మోగడం ఆగింది. బావ వీధిలో నడుస్తుంటే జనం మెడలు తిప్పడం మాత్రం ఆగలేదు.

"అనుమతున్నోడు అలా చూస్తాడేంటయ్యా?" అన్నాడు తాతబ్బాయి. "మొన్న దొంగ దొంగే అన్నావు. ఇంతలో అక్కగారు గడ్డి పెట్టారా?"

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ఆ కెమెరా నన్నే పట్టుకుంటే? సొంత పెరట్లో సొంత కాయ తీసిన ఆసామిని దొంగని చేస్తే వీధి ఆ కెమెరానే చూసి నవ్వుతుంది. ఆ నవ్వులో బావ బొమ్మ కూడా కొట్టుకుపోతుంది. పట్టపగలు మొదలుపెట్టాను. అటు చూశాను, ఇటు చూశాను, ఊపిరి బిగబట్టాను, కాయని పంచెలో చుట్టాను. మళ్ళీ చేశాను. మళ్ళీ.

"అయ్యగారికి నడుం పట్టేసిందేమో, కాస్త నూనె రాయించుకోండి," అంది కొబ్బరి ఆరబెట్టే మంగాయమ్మ.

ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. నా కాయలు, నా పెరడు, నా కెమెరా. బెరుకు ఎక్కడినుంచి వస్తుంది?

బావ రావడం మానేశాక లెక్కకి వేరే మనిషిని పెట్టాను. ముమ్మిడివరం వైపు నుంచి బులియ్య అనే రైతు బండి తెచ్చి, గేటు బయటే ఎడ్లని ఆపేశాడు.

"గవర్రాజుగారేరండీ?"

"ఆయన రావట్లేదు. వీడు చూస్తాడు, దించండి."

"ఆయన గొంతు లేకుండా నేను కాయ దించనండి ఆయ్."

"నీకు తెలీదేమో బులియ్యా, ఆయన మీద..." తాతబ్బాయి గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"తెలుసండి. మా ఊళ్ళోనూ చూశారు. కాయ తీస్తే తీశారు లెండి, అంకె తియ్యలేదు గదండీ," అన్నాడు బులియ్య. చుట్ట ముట్టించుకుని బండి నీడన చతికిలబడ్డాడు.

బావ వేసిన లెక్క అక్షరాలా అదే. దొంగ పేరు మీద కూడా ఆయన అంకె చెల్లుతోంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా అక్క ఇంటికి వెళ్ళాను. ఏం మాట్లాడానో సరిగా గుర్తులేదు. 'తప్పయిపోయింది బావా' అన్న మాట మాత్రం అనలేదు. అక్కే అంది: "వెళ్ళండి. వీడు పక్కన కూర్చుంటాడు."

బావ నన్ను ఎగాదిగా చూశాడు. "కూర్చుని?"

"గోనె నా కింద ఉంటుంది బావా. నువ్వు పిలువు చాలు."

ఆయన తువ్వాలు అందుకున్నాడు. ఒకసారే అందుకున్నాడు.

రాశి పోశారు. బావ నిలబడ్డాడు. నేను పక్కనే గోనె పరుచుకుని, ఊరికే కూర్చున్నవాడిలా కూర్చున్నాను. "లాభం," అని మొదటి విసురు వేశాడు. పెరడంతా ఆ గొంతుకి సర్దుకుంది. ఎడ్లు కూడా గంటలు ఆపాయనిపించింది. రెండు, మూడు, నాలుగు. ఆ చేతుల్లో కాయలు గాలిలో ఉన్నట్టే ఉండేవి కావు, ఇటునుంచి అటు మారిపోయేవి. బులియ్య కళ్ళు మూసుకుని వింటున్నాడు.

వంద అయింది. ఒలుపు దగ్గర ఇనుప గునపాల చప్పుడు తప్ప ఏమీ లేదు. బావ గొంతు ఆగింది. నా వైపు చూడలేదు గానీ, ఆయన వేళ్ళు పంచె అంచుని పట్టుకున్నాయి.

ఎవరైనా ఆ వేళ్ళని చూస్తారేమో. మంగాయమ్మ చూస్తుందేమో. గేటు దగ్గర తాతబ్బాయి. బండి దగ్గర బులియ్య. అందర్నీ ఒకసారి చూశాను. ఊపిరి ఎక్కడో ఆగిపోయింది. కాయ ఒకటి అందుకుని గోనె కిందికి తోశాను.

టింగు.

నా జేబులో. తాతబ్బాయి జేబులో. పక్క కొట్లో, ఎదుటి కొట్లో, వీధి చివరి దాకా.

తాతబ్బాయి ఫోన్ తీసి చూసి, కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూశాడు. తరవాత కడుపు పట్టుకుని నవ్వాడు. "ఓరి నీ దుంప తెగ! నీ పెరట్లో నీ కాయ నువ్వే కొట్టేస్తున్నావేంటయ్యా! దొంగ దొంగే అన్నావు కదా!" ఆడవాళ్ళు నవ్వారు, గునపాలవాళ్ళు నవ్వారు. చుట్ట తీసి బులియ్య కూడా నవ్వాడు.

ఫోన్ తీసి చూశాను. పసుపు వలయంలో నా ముఖం. మెడ పక్కకి తిరిగి ఉంది. భుజాలు ముడుచుకున్నాయి. అచ్చం బావ మెడే. ఉగాది నుంచీ ఆయన రోజుకి ఎన్ని వందలు పిలిస్తే అన్నిసార్లు మోసిన మెడ. ఒక్కసారికే నాకు చెవులు కాలిపోతున్నాయి.

కింద 'పొరపాటు' అన్న మాట మెరుస్తోంది. నొక్కితే కారణం అడుగుతుంది. నొక్కలేదు. జేబులో పెట్టుకున్నాను.

బావ మాత్రం నవ్వలేదు. నా మోకాలి పక్కన గోనె ఎత్తుగా ఉన్న చోటుని చూశాడు. పంచె అంచుని వదిలేశాడు. రెండు చేతులూ రాశి మీదికి వంచి కాయలందుకున్నాడు.

"లాభం," అన్నాడు, వీధికి వినపడేలా.

ఆ సాయంత్రం దాకా ప్రతి వందకీ ఒకసారి వీధి మోగింది. నా మెడ ఒక్కసారి కూడా వేషం వెయ్యలేదు.